ఉలి దెబ్బ లేని రాయి

మా కాలేజీ లైబ్రరీ పక్క స్థలంలో ఇల్లు కడుతున్నారు. ఈ వారం నేలకు బండలు పరుస్తున్నారు. కోత మిషను రాయిని తాకగానే లేచే కీచుమనే చప్పుడుకు చదువుకునే పిల్లలు చెవులు మూసుకుంటారు. నేను మాత్రం వెళ్ళి కిటికీ తెరుస్తాను. తడిసిన రాతిపొడి వాసన లోపలికి వస్తుంది. సున్నం వేసిన గోడ మీద నీళ్ళు చల్లితే వచ్చే వాసనకు దగ్గరగా, దానికంటే చల్లగా ఉంటుంది. కడప ఎండలో ఆ వాసన పీల్చినప్పుడల్లా నాకు బేతంచెర్ల, అక్కడి పాలిష్ ఫ్యాక్టరీ, మద్దిలేటి మేస్త్రి గుర్తొస్తారు. గుర్తురాగానే నవ్వొస్తుంది. నాలో నేను నవ్వుకోవడం చూసి మా అటెండరు ఒకసారి, "ఏం మేడం, ఫోన్లో ఏమన్నా వచ్చిందా?" అని అడిగాడు కూడా.

డిగ్రీ అయిన ఏడాది ఆ ఫ్యాక్టరీలో చేరాను. లారీకి ఎక్కే నాపరాళ్ళ కొలతలు రిజిస్టరులో రాయడం నా పని. ఎవరైనా రెండు మాటలు అడిగితే ఒక మాటతో తప్పించుకునేదాన్ని. మిగిలిన మాటలన్నీ ఇంటికి వెళ్ళి డైరీలో రాసుకునేదాన్ని. మద్దిలేటి మేస్త్రి అక్కడ అందరికీ పెద్ద. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసి ఉలి పట్టిన మనిషి. బండను వేలి కణుపుతో తట్టి, లోపల పగులు ఉందో లేదో చెప్పేవారు. ఇంత తెలిసిన మనిషికి ఒక పిచ్చి ఉండేది. వేల ఏళ్ళ కిందట ఆకాశం నుంచి ఎవరో మన రాయలసీమలో దిగారని, వాళ్ళు వదిలేసిన వస్తువులు గనుల్లో ఇంకా దొరుకుతున్నాయని నమ్మేవారు. ఆయన ఫోను నిండా అవే వీడియోలు. షెడ్డు వెనక గోడవారన వింత రాళ్ళన్నీ వరసగా పేర్చుకున్నారు. ఫ్యాక్టరీకి ఎవరొచ్చినా, రాళ్ళ బేరం కంటే ముందు ఆ వరస చూడాల్సిందే.

నేను చేరిన మూడో రోజు మధ్యాహ్నం, నా టిఫిన్ క్యారియరు పక్కన ఒక పలక తెచ్చి పెట్టారు. దాని మీద నల్లగా, సన్నగా, చెట్టుకొమ్మల్లాంటి గీతలు.

"ఇదేందో చెప్పు పాపా."

"తెలీదు సార్."

"తెలీదనేది మంచి మాటే. గానీ అన్నం ఆరేలోపల ఇంగో మాట చెప్పల్ల."

పాలిష్ మిషను నడిపే షేకున్బీ నాకు ఎదురుగా కూర్చుని ఉంది. యాభై ఏళ్ళ మనిషి, నోరు ఊరుకోదు. "ఆ పిల్లను తిననీ మేస్తిరీ. వచ్చి మూడు దినాలు కాలా, అప్పుడే ఆకాశానికి పంపిస్తాండావు!" అంది. నేను తలెత్తకుండానే, రాతి పొరల మధ్య ఖనిజాలు కలిసిన నీళ్ళు ఊరి ఆరిపోతే ఇలాంటి మరకలు పడతాయని పుస్తకంలో చదివానన్నాను. మేస్త్రి కళ్ళు మెరిశాయి. ఎదురు చెప్పే మనిషి దొరికిందని ఆ మెరుపు. అప్పుడే ఆయన పద్ధతి చెప్పారు. ఈ రోజు ఒక పక్షం మాట్లాడినవాళ్ళు రేపు రెండో పక్షం మాట్లాడాలి. తీర్పు షేకున్బీది. ఓడినవాళ్ళు అందరి గిన్నెలూ కడగాలి.

ఆ సాయంత్రం నా డైరీలో మొదటిసారి, ఎవరికో వినిపించడానికి నాలుగు పేజీలు రాశాను. మర్నాడు అన్నాల దగ్గర డైరీ ఒళ్ళో పెట్టుకుని చెప్పాను. ఆకాశం నుంచి దిగినవాళ్ళు తమ ఊరి చెట్టును మరిచిపోకూడదనుకున్నారు. మనం పుస్తకంలో ఆకు దాచుకున్నట్టు, వాళ్ళు రాతి పొరల మధ్య ఒక కొమ్మ దాచుకున్నారు. షేకున్బీ ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. "పాపం, ఇంటి మీద బెంగేమో వాళ్ళకు," అంది. తర్వాత నన్ను ఎగాదిగా చూసి, "ఏమ్మే, ఇంత మాట కడుపులో పెట్టుకుని మూగదాని మాదిరి తిరుగుతాండావా?" అంది. ఆ రోజు గిన్నెలు మేస్త్రి కడిగారు.

ఆ తర్వాత మధ్యాహ్నాలన్నీ అలాగే గడిచాయి. ఒకసారి రాతిపొడిలో గడ్డకట్టి దొరికిన ఇనుప బిళ్ళను మేస్త్రి 'ఆకాశ ఓడ ముక్క' అన్నారు. షేకున్బీ దాన్ని తీసుకుని, కొంగుతో తుడిచి, తిన్నగా వెళ్ళి తన మిషనుకు బిగించింది. "పోయిన నెల ఊడిపోయిన వాషరు. ఓడ ఈడనే ఉండాది, ఎక్కుతావా?" అంది. అందరికంటే ఎక్కువసేపు నవ్వింది మేస్త్రే.

ఒక్క రాయి దగ్గర మాత్రం ఆయన నవ్వేవారు కాదు. వరస చివర, గోనెపట్టా పరచి దాని మీద ఉంచిన పెద్ద గుండ్రటి బండ అది. మధ్యలో బొక్కెన పట్టేంత రంధ్రం. దాని అంచు నుంచి బయటికి, సూర్యకిరణాల్లా పదకొండు గాడులు. ఆయన దాన్ని ఆకాశచక్రం అనేవారు. వయసులో ఉండగా, ఎప్పుడో పాడుబడిన ఒక ఊరి మొండిగోడల దగ్గర కనపడితే లారీ ఎక్కించి తెచ్చుకున్నారట. దాని మీద పక్షాలు మార్చుకోవడం ఉండేది కాదు.

"నా ఉలికి తెలియని దెబ్బ లేదు పాపా. ఏ రాయి మీదన్నా చేత్తో తడిమి, ఏ ఉలి ఆడిందో చెప్తా. ఈ గాడుల్లో ఒక్క ఉలి దెబ్బ చూపించు, రేపే పారేస్తా."

నిజమే. చంటిబిడ్డ బుగ్గలా నున్నగా ఉండేవి ఆ గాడులు. 

ఒకరోజు ఇలాంటి వింతలను వీడియోలు తీసే అబ్బాయి ఫోను చేశాడు. చక్రం ఫోటో చూశానని, మర్నాడే కెమెరాతో వస్తానని అన్నాడు. మేస్త్రి కాళ్ళు ఆ రోజంతా నేల మీద నిలవలేదు. భార్యకు, ఇద్దరు కూతుళ్ళకు, పక్క ఫ్యాక్టరీలకు కబురు పెట్టారు. చక్రాన్ని కడగమని నాకు చెప్పారు. నీళ్ళు పోసి గుడ్డతో తుడుస్తుంటే నా వేళ్ళు గాడిలోకి జారాయి. అరచేయి ఎందుకో చురుక్కుమన్నట్టయింది. ఆదోని దగ్గర మా అవ్వ ఊళ్ళో, సెలవుల్లో, అరచేతులు మండేదాకా తాడు లాగినా బొక్కెన పైకి రాని లోతు బావి గుర్తొచ్చింది. పక్కనే లారీకి కట్టే తాడు పడి ఉంది. తీసి గాడిలో పెట్టాను. కొలిచి చేసినట్టు కూర్చుంది.

ఇవి ఉలి కోసిన గాడులు కావు. చేంతాడు కోసినవి. ఇది బావి మీది బండ.

తాడు తీసి యథాస్థానంలో పడేశాను. ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశాను. చెబితే ఆయన ముప్పై ఏళ్ళ సంతోషం ఒక్క మాటతో పోతుంది. చెప్పకపోతే, బావి తెలిసిన ఏ ఆడమనిషో ఆ వీడియో చూసి రేపు ఆయన్ని ఊరంతా నవ్వేలా చేస్తుంది. ఆ సాయంత్రం డైరీలో ఒక్క ముక్కే రాయగలిగాను: 'పొద్దున్నే, ఆయనకు ఒక్కరికే చెప్పాలి.'

కానీ నేను వెళ్ళేసరికి ఆ అబ్బాయి కెమెరా నిలబెట్టేశాడు. మేస్త్రి ఇస్త్రీ చొక్కాలో, తల దువ్వుకుని, ముప్పై మంది మధ్య నిలబడి చెబుతున్నారు. గనుల గురించి, ఉలుల గురించి చెప్పి, చివరికి చెయ్యెత్తి అన్నారు.

"ఒక్క ఉలి దెబ్బ లేదు. దీనికి ఎదురుమాట ఎవురన్నా చెప్తారా?"

అలవాటుకొద్దీ ఆయన చూపు నా మీద ఆగింది. నా నోరు ఎండిపోయింది. తల అడ్డంగా ఊపి ఊరుకోవచ్చు. కానీ చెప్పడానికి ఏమీ లేకపోతేనే ఊరుకోవాలి కదా.

"నేను చెప్తా సార్," అన్నాను. "ఉలి కాదు, తాడు."

"తాడా? తాడు రాతిని కోస్తాదా పాపా?" అని ఆయన నవ్వారు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు.

"తడి తాడు, ఇసుక పట్టిన తాడు, ఏండ్ల తరబడి లాగితే కోస్తాది సార్." మాటలు చాలలేదు. తాడు తెచ్చి గాడిలో వేసి, బొక్కెన చేదుతున్నట్టు నిలబడి లాగి చూపించాను. ఒక్కో గాడి దగ్గరా అలాగే నిలబడ్డాను. పది గాడులు నా లాగుడుకు సరిపోయాయి. అన్నీ కొంచెం ఒకే వైపుకు వాలి ఉన్నాయి. పదకొండోది కుదరలేదు. అది ఎదురువైపుకు వాలింది. చేతులు మార్చి, ఎడమచెయ్యి ముందుకు పెట్టి లాగాను. తాడు సుఖంగా జారింది.

షేకున్బీ గుంపును తోసుకుని వచ్చింది. ఒక గాడిలో బొటనవేలు పెట్టి రుద్దింది. "యా అల్లా! మా ఊరి బావి కాడ గూడా ఇంతే. ఎవరి తావు వాళ్ళదే. నా గాడి కాడ ఇంగొకత్తె నిలబడితే కొట్లాటే," అంది.

వీడియో అబ్బాయి కెమెరా దించేశాడు. "బావి రాయి అంటే ఎవరు చూస్తారు అన్నా?" అని సామాన్లు సర్దుకోవడం మొదలుపెట్టాడు. మేస్త్రి అతని వైపు చూడలేదు. ఇస్త్రీ ప్యాంటుతోనే తడి నేల మీద కూలబడి, పదకొండు గాడులనూ వరసగా తడిమారు. 

"నేను జన్మలో ఒక బొక్కెన నీళ్ళు చేదలేదు పాపా," అన్నారు చివరికి. "మా యమ్మ చేదె. మా యక్క చేదె. నా పెండ్లాము చేదె. నేను తాగినాను, అంతే. ఇన్నేండ్లు ఉలి కోసం ఎతికినా గానీ, తాడు సంగతి తట్టనేల్యా." గుంపులో వెనక నిలబడిన ఆయన భార్య ఎవరికీ వినపడకూడదన్నట్టు నవ్వింది. కానీ అందరికీ వినపడింది. మేస్త్రి తలెత్తి ఆమెను చూసి, అప్పుడు నవ్వారు, భుజాలు ఊగేదాకా. "తీర్పు చెప్పు షేకున్బీ!" అన్నారు. ఆ రోజు ముప్పై మందికి టీ తెప్పించి, ఆ గ్లాసులన్నీ ఆయనే కడిగారు.

మేస్త్రి ఇప్పుడు మహానంది దగ్గర కూతురి ఇంట్లో ఉంటున్నారు. వింత రాయి కనపడితే ఫోటో పంపి, 'నువ్వు ఏ పక్క?' అని అడుగుతారు. నేను ఫ్యాక్టరీ మానేసి కడపకు వచ్చే రోజున, అంతకాలం మనసులో ఉంచుకున్న మాట అడిగేశాను. మీ ఆకాశచక్రాన్ని నేను పోగొట్టాను కదా సార్, బాధ లేదా అని.

"పోగొట్టినావా?" అన్నారు ఆయన. "ఆకాశమోళ్ళు ఎంతమందో, ఎట్లుంటారో నాకేం తెలుసు? ఇప్పుడైతే పదకొండు మంది ఆడోళ్ళు ఉండారు నా షెడ్డులో. అందులో ఆ ఎడమచేతామె ఉండాదే, పొద్దున్నే పోయి ఆమెతోనే మాట్లాడతా. అందరూ ఒక పక్కకు లాగుతాంటే, ఎంతమంది ఎగతాళి చేసింటారో! అయినా ఆమె బొక్కెన ఆమె చేదుకునె."

కాలేజీ మీటింగుల్లో ఇప్పటికీ నా నోరు ఎండిపోతుంది. అందరూ తలలూపుతున్న మాట తప్పని నాకు తెలిసినప్పుడు మాత్రం నేను తల ఊపను. ఒక్క క్షణం ఆగి, కుర్చీ వెనక్కి జరిపి, మాట్లాడటానికి లేస్తాను.