పెద్దమ్మ పెదవి

పోయిన నెల ఒక పొద్దున ఉప్పల్‌లో పోచారం ఆఫీసు బస్సు కోసం నిలబడి ఉండగా ఫోను మోగింది. "అక్కా, అమ్మ పోయింది," అంది పెద్దమ్మ కూతురు. నేను నాచారం ఆటో ఎక్కాను.

పెద్దమ్మ అని పిలిచినా ఆమె నాకు చుట్టం కాదు. నాచారంలో మేము అద్దెకున్నప్పుడు పక్క వాటాలో ఉండేది. భర్తకు ఫ్యాక్టరీలో పని దొరికితే జనగామ వైపు నుంచి వచ్చింది. పుట్టింట్లో నేర్చిన మాస్కుల పనిని మాత్రం వదల్లేదు. కొబ్బరిచిప్ప మీద రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపిన ముద్ద పెట్టి, ముక్కూ పెదవులూ తీర్చి, ఎండాక రంగులు వేసేది. మీలో ఎవరి గోడకైనా ఆమె చేసిన మాస్కు వేలాడుతూ ఉండవచ్చు. దాని మీద ఆమె పేరు ఉండదు.

అక్కడున్నప్పుడే, ఏడో నెలలో నా బిడ్డ కడుపులోనే పోయింది. దవాఖానా నుంచి వచ్చాక నేనెవరితోనూ మాట్లాడలేదు. అందరూ ధైర్యం చెప్పి వెళ్లారు. పెద్దమ్మ మాత్రం ఒక మధ్యాహ్నం వచ్చి తడి ముద్ద నా చేతిలో పెట్టింది. "ఊకె కూసోకు బిడ్డా. జర పిసుకు. గట్టివడితే పనికి రాదు."

పిసికాను. మర్నాడూ పిసికాను.

నేను చేసిన మొదటి ముఖం పసిపాపది. చేయాలనుకుని చేసింది కాదు, చేతులు అటే పోయాయి. పెద్దమ్మ దాన్ని చాలాసేపు చూసింది.

"రంగులెయ్యాల్నా?"

"వద్దు."

"వద్దంటే వద్దు. గట్లనే ఉండనియ్యి," అని నీడపట్టున జాగ్రత్తగా పెట్టింది. బిడ్డ పోయాక నేను గొంతెత్తి ఏడ్చింది ఆ రోజే.

తర్వాత చాలాకాలం ఆమె ముక్కులే, ఆమె కళ్లే నా మాస్కులకు వచ్చేవి. ఆమెకది నచ్చేది కాదు. సాసర్లో చాయ్ ఊదుకుంటూ, "నేను సూసినోళ్లు వేరు, నువ్వు సూసెటోళ్లు వేరు. నీ బస్సుల ఎవలు లేరా?" అనేది. అప్పటి నుంచి ముఖాలు చూడటం మొదలుపెట్టాను. మెట్రోలో నిలబడి నిద్రపోయే పిల్ల, గేటు దగ్గర బ్యాగులు తనిఖీ చేసే ఆమె, అలా ఒక్కొక్కరూ నా చేతుల్లోకి వచ్చారు. ఉప్పల్‌కు మారాక కూడా ప్రతి కొత్త మాస్కూ ముందు ఆమెకే చూపించేదాన్ని.

దశదినకర్మ అయ్యాక ఆమె ముఖమే చేయడానికి కూర్చున్నాను. పెద్దమ్మ కూతురు చూడటానికి వచ్చింది. చిన్నప్పటి నుంచీ ముద్ద వాసన పడదని ఈ పనిని ముట్టని మనిషి. మాస్కు మీదికి వంగి చూసింది.

"అమ్మ గింత నోరు తెరిచి నవ్వదక్కా. మూసినట్టే నవ్వుతది."

"నువ్వే దిద్దు," అన్నాను.

ముద్ద ఇంకా పచ్చిగానే ఉంది. ఆమె బొటనవేలు తడుపుకుని తల్లి కింది పెదవిని మెల్లగా పైకి నొక్కింది. సరిపోయింది. అయినా వేలు తీయలేదు.