గోలు వెనక కూర్చున్న పిల్లలు

నా చిన్నప్పుడు, మా వీధి మగవాళ్లంతా తువ్వాళ్లలో పలక ముక్కలు మూటగట్టుకుని పిల్లల హాకీ ఆట చూడబోయిన రోజు ఒకటుంది. నిన్న మా మనవడు ఫోనులో ఏదో పిల్లల హాకీ ఆట చూస్తూ, బంతిని ఆపలేకపోయిన ఒక కుర్రాణ్ణి చూసి, "వీణ్ణి చెట్టుకు కట్టేసి కొట్టాల" అన్నాడు. మనవడు మంచివాడే. చీమ కనిపిస్తే పక్కకు అడుగు వేసే పిల్లాడు. ఆ నోట ఆ మాట వచ్చింది. అందుకే మీకందరికీ చెబుతున్నాను. ఆ ఫోను అక్కడ పెట్టి, ఇట్లా చాప మీదికి జరిగి కూర్చోండి. గొంతు పెంచి చెప్పే సంగతి కాదిది.

మాది మార్కాపురంలో పలకలు చేసేవాళ్ల వీధి. ఇంటికొకరైనా పలకల ఫ్యాక్టరీకి పనికి పోయేవారు. గనిలోంచి వచ్చిన నల్లరాయిని రేకులుగా చీల్చడం, అంచులు కోయడం, నున్నగా రుద్దడం, చుట్టూ చెక్క బిగించడం, పొద్దస్తమానం ఇదే పని. మా నాయన కోత మిషను దగ్గర ఉండేవాడు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కనుబొమలు కూడా బూడిద రంగులో ఉండేవి. మసక చీకట్లో వచ్చేది ఎవరో దగ్గు విని పోల్చుకునేవాళ్లం. వీధి పొడుగునా పనికిరాని ముక్కల గుట్టలుండేవి. నాయన ఆ గుట్టల్లోంచి చదునైన ముక్క ఒకటి ఏరి, తొక్కుడు బిళ్ల ఆడుకోమని నాకు తెచ్చిచ్చేవాడు. అంచులు రాయికి రుద్ది, నా చేయి తెగకుండా చేసి మరీ ఇచ్చేవాడు.

ఆ మనుషులకు వేరే ముచ్చట ఏముంటుంది? ఉన్నదల్లా పిల్లల హాకీ జట్టు. బదిలీ మీద ఎక్కడి నుంచో వచ్చిన డ్రిల్లు మాస్టారు ఒకాయన మా చుట్టుపక్కల వీధుల పిల్లల్ని పోగేసి, కర్రలు చేతికిచ్చి, ఆట నేర్పాడు. ముందటేడు వాళ్లు పోయిన చోటల్లా గెలిచి వచ్చారు. కంభం, పొదిలి, కనిగిరి, ఎక్కడ ఆడినా మనదే గెలుపు. గెలిచిన రోజు నాయన నన్ను భుజాల మీద ఎక్కించుకుని టీ కొట్టు దాకా తీసుకుపోయేవాడు. ఊపిరి సరిగా ఆడని మనుషులు గంతులేసి అరిచేవారు. ఫ్యాక్టరీ గేటు దగ్గర నడక కూడా మారిపోయింది వాళ్లకు.

మరుసటి ఏడు మొదటి ఆట నుంచే అంతా తలకిందులైంది. పెద్ద పిల్లలు కొందరు వయసు దాటి జట్టులోంచి పోయారు. గోలు కాసే పిల్లాడి కుటుంబం ఊరు విడిచి వెళ్లింది. ఆ చోట్లోకి మా పక్కింటి అన్న వచ్చాడు. ఆ అన్నా, వాళ్లమ్మా పుల్లలచెరువు అవతల అడవి అంచు పల్లె నుంచి, తాగను నీళ్లు లేక మా వీధికి వచ్చి చేరినవాళ్లు. వాళ్లమ్మను మేం పిన్ని అనేవాళ్లం. పలకలకు చెక్కలు బిగించే పని ఆమెది. అన్నకు ఇంకా మీసం కూడా రాలేదు. ఎవరూ నిలబడని చోట నేను నిలబడతానన్నాడు. అతను చేసిన తప్పల్లా అదే.

ఇక వరసగా ఓటమి. ముందు ఆడేవాళ్లు బంతి పోగొట్టుకున్నా, మధ్యలో ఆపాల్సినవాళ్లు వదిలేసినా, చివరికి అది దాటిపోయేది అన్న కాళ్ల మధ్య నుంచే కదా. చూసేవాళ్ల కళ్లకు అతనొక్కడే కనిపించేవాడు. మొదట్లో ఎగతాళి చేసేవారు. అన్న టీ కొట్టు ముందు నుంచి పోతుంటే, "ఏమిరా అబ్బోడా, నీ కాళ్ల సందులోంచి గిద్దలూరు రైలు గూడా పోతాదంట, నిజమేనా?" అనేవాడొకడు. "రైలెందుకు మామా, ఏనుగు పోయినా వీనికి కనపడదు" అని ఇంకొకడు. అన్న కూడా నవ్వేసి, "ఏనుగొస్తే ఆపుతాలే మామా, బంతే ఆగటంలేదు" అని వెళ్లిపోయేవాడు.

తర్వాత ఒక మాట పుట్టింది. ఆ ఏటికి చివరి ఆట గిద్దలూరు జట్టుతో, మా ఊళ్లోనే. అన్న మేనమామ గిద్దలూరులో ఉన్నాడని ఎవరో అన్నారు. ఉన్నది నిజమే. స్టేషను బయట మిరపకాయ బజ్జీలు వేసేవాడు పాపం. టీ కొట్టు దగ్గర బయలుదేరిన ఆ మాట ఫ్యాక్టరీ గేటు చేరేసరికి, "వాడు గిద్దలూరోళ్లకు అమ్ముడుపోయి కావాలనే వదులుతున్నాడు" అని అయింది. ఆ రోజుతో ఎగతాళి ఆగిపోయింది. అన్న వస్తుంటే మాటలు ఆగేవి. నోటి దగ్గరికి పోతున్న గ్లాసులు ఆగేవి. అతను సందు తిరిగేదాకా ఎవరూ కదిలేవారు కారు.

ఒక పొద్దున పిన్ని వాకిట్లో పలక ముక్కల కుప్ప కనిపించింది. పిల్లలెవరో ఆడి వదిలేశారనుకుని పిన్ని చిమ్మబోయింది. మా అవ్వ, అంటే నాయన వాళ్లమ్మ, వంగి ఒక ముక్క చేతిలోకి తీసుకుంది. ఇంకొకటి తీసుకుంది. అన్నీ అరచేతికి సరిపోయేట్టు ఏరి తెచ్చినవే. ఆ పూట అవ్వకు అన్నం సయించలేదు.

ఆటకు ముందు రోజు సాయంత్రం నాయన ఫ్యాక్టరీ నుంచి వస్తూ తువ్వాలులో మూట తెచ్చాడు. లోపల గణగణమంది. నేను ఎగిరి దాన్ని పట్టుకుని, "బిళ్లలా నాయనా?" అన్నాను. నాయన నా చేయి విదిలించి, మూటను అటక మీద పెట్టాడు. "అవి నీయి కాదు" అన్నాడు. మా నాయన నా చేయి విదిలించడం అదే మొదలు. ఏడ్చుకుంటూ అవ్వ దగ్గరికి పోయి చెప్పాను. అన్ని బిళ్లలు తెచ్చి ఒక్కటి కూడా ఇవ్వలేదని, అంచులు రుద్దనేలేదని, గుడ్డలోంచి ఒకటి నా వేలు కోసిందని చెప్పాను. అవ్వ నా వేలికి పసుపు పెట్టి గుడ్డ చుట్టింది. చుడుతున్నంతసేపూ అటక వైపే చూసింది.

అన్నం పెడుతూ నాయనను అడిగింది.

"ఏందిరా ఆ మూట?"

"ఏం లేదులే. అందరూ తెచ్చినారు, నేనూ తెచ్చినా."

"అందరూ అంటే?"

"అందరూ అంటే అందరే. నీకెందుకుమా, తిననీ."

అవ్వ పక్కింటికి నడిచింది. నేనూ ఆమె వెనకే పోయాను. రేపు ఆటకు పోవద్దని అన్నకు చెప్పింది. ఎందుకని అతను అడగలేదు. తలవంచుకుని, "పోకపోతే అమ్ముడుపోయినాడు, అందుకే రాలేదంటారవ్వా. నా సంగతి సరే, మాయమ్మ ఈ వీధిలో బతకాల గదా" అన్నాడు. పిన్ని ఇద్దరి మొహాలూ చూసింది. చేతిలోని సుత్తి కిందపెట్టి, కొంగు నోట్లో కుక్కుకుంది.

మరునాడు అవ్వ ఒక గంపలో బొరుగులు, పప్పులు, బెల్లం ముక్కలు కలిపి నెత్తిన పెట్టుకుంది. నన్ను చేయి పట్టుకుని వీధిలో ప్రతి వాకిట్లో ఆగింది. "పిల్లోల్లని తోలకపోయి ఆట చూపిస్తా, పంపియ్యండమ్మా" అంది. ముసలామె అడిగితే ఏ తల్లి కాదంటుంది? అప్పుడే నడక నేర్చిన పిల్లల నుంచి బడికి పోయే పిల్లల దాకా అందరం బొరుగుల గంప వెనక బయలుదేరాం. మాకది తిరనాళ్లకు పోతున్నట్టుంది.

ఆట జరిగే చోటు ఊరి చివర ఎర్రమట్టి నేల. రెండు కొసలా గోలు కోసం పాతిన కర్రలుండేవి, వల లేదు. ఎప్పుడూ మైదానం నడిమి గీత పక్కన నిలబడి చూసే మగవాళ్లు ఆ రోజు అన్న నిలబడే గోలుకు ముందు పక్కగా, కాస్త ఎడంగా గుంపు కట్టారు. తువ్వాళ్లు భుజాల మీద లేవు, చేతుల్లో ఉన్నాయి. అవ్వ మమ్మల్ని వాళ్ల కళ్లముందు నుంచే తీసుకుపోయి, గోలు వెనక లాడం ఆకారంలో కూర్చోబెట్టింది. సరిగ్గా నడుమ, అన్నకు నేరుగా వెనక నన్ను పెట్టి, నా వెనక తను కూర్చుంది. అందరి ఒళ్లో బొరుగులు పోసింది.

డ్రిల్లు మాస్టారు పరుగున వచ్చాడు. "అవ్వా, బంతి తగిలితే పిల్లల తలలు పగుల్తాయి. లేపు, లేపు."

"బంతి ఒకటే గదయ్యా" అంది అవ్వ. "దాన్ని ఆ పిల్లోడు చూసుకుంటాడులే."

మాస్టారు ఆమె మొహం చూశాడు. గుంపు చేతుల్లోని తువ్వాళ్ల వైపు చూశాడు. ఈల నోట్లో పెట్టుకున్నాడు.

మొదటి సగంలో అన్న వచ్చిన బంతినల్లా ఆపాడు. మేం పిల్లలం కేకలు పెట్టాం. గుంపులో ఒక్క చేయి కూడా చప్పట్లు కొట్టలేదు. సగం ఆట అయ్యాక జట్లు చోటు మారాయి. అన్న అవతలి గోలుకు నడిచాడు, గుంపు కూడా అటే నడిచింది. అవ్వ మోకాళ్లు పట్టుకుని లేచి, "పాండి" అని మమ్మల్ని లేపి, బాతుల మందను తోలినట్టు మైదానం మధ్య నుంచే ఆ కొసకు తోలుకుపోయింది. అప్పుడు అర్థమైనట్టుంది కొందరికి. మా వీధి చివరింటి మామ ముందుకొచ్చాడు. అతని కూతురు మా వరసలోనే ఉంది.

"పిల్లోల్లని ఈడికెందుకు ఈడ్చకొస్తన్నావ్‌మే? ఆడ గోడ పక్కన నీడుంది, పోండి."

"మీరంతా ఈడుంటే మాకు ఆడేం పనిరా?" అంది అవ్వ, కూర్చుంటూ.

ఆట ముగియబోతుండగా గిద్దలూరు పిల్లాడొకడు అందరినీ తప్పించుకుని వచ్చాడు. అన్న ముందుకు దూకాడు. బంతి కాలికి కట్టిన ప్యాడ్ కింద నుంచి జారి, గీత దాటి, దుమ్ములో దొర్లుకుంటూ వచ్చి నా పాదం దగ్గర ఆగింది. ఈల మోగింది. అన్న బంతి కోసం వెనక్కి తిరగలేదు. కర్ర కింద పెట్టి, గుంపు వైపు తిరిగి, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. అట్లా ఎందుకు నిలబడ్డాడో నాకు అప్పుడు తెలియలేదు.

ఎవరూ అరవలేదు. తువ్వాళ్ల ముడులు విప్పుతున్న చప్పుడు మాత్రం వినిపించింది. గణగణ, గణగణ. అందరికన్నా ముందు మా నాయన. పైకెత్తిన చేతిలో నల్లటి ముక్క ఎండకు మెరిసింది. నాకు ప్రాణం లేచొచ్చింది. నా బిళ్ల అనుకున్నాను. ఒక చేత్తో బొరుగులున్న పావడా పట్టుకుని లేచి నిలబడి, గుడ్డ చుట్టిన వేలితోనే రెండో చేయి చాచాను.

"నాకేనా నాయనా? ఇప్పుడిస్తావా?"

నాయన చేయి ఎక్కడిదక్కడ ఆగిపోయింది. మా వరసలో ఎవరి పిల్లలు ఎక్కడున్నారో ఒక్కొక్కరి కళ్లూ వెతుక్కోవడం నేను చూశాను. అంతలో గుంపు వెనక నుంచి, మా వరసలో పిల్లలెవరూ లేనివాడే అయ్యుండాలి, ఎవడో విసిరాడు. గిరగిరా తిరుగుతూ వచ్చిన ముక్క గోలు కర్రకు తగిలి పగిలింది. ఒక పెచ్చు నా పావడాలో, బొరుగుల్లో పడింది.

"ఎవడ్రా అది? నా కూతురుందిరా ఆడ!" అని చివరింటి మామ గొంతు చించుకున్నాడు. అప్పటికీ అతని చేతిలో మూట ఉంది. తన చేతి వంకే చూసుకుని, దాన్ని వదిలేశాడు. తర్వాత ఒకరి వెనక ఒకరు వదిలేశారు. పలక ముక్క మీద ముక్క పడితే బడి గంటలా మోగుతుంది. ఆ చప్పుడు ఎంతసేపు వినిపించిందో చెప్పలేను.

నాయన నా దగ్గరికి వచ్చాడు. బొరుగుల్లోంచి ఆ పెచ్చు తీసి, దాని అంచు మీద బొటనవేలు ఆనించాడు. అవ్వ వైపు చూశాడు. ఆమె తల తిప్పుకుంది. అప్పుడు అన్న వైపు నడిచాడు. అడుగుల చప్పుడు విని అన్న కళ్లు ఇంకా గట్టిగా మూసుకున్నాడు. నాయన అతని ముందు మట్టిలో కూర్చుని, ప్యాడ్ల పట్టీలు విప్పడం మొదలుపెట్టాడు. "కాలెత్తు నాయనా, కాలెత్తు" అన్నాడు. ఒక కాలు ఎత్తడానికి అన్న మా నాయన తల పట్టుకోవాల్సి వచ్చింది.

ఆ ఆట ఓడిపోయాం. ఆ మరుసటి ఏడు కూడా మా వాళ్లు పెద్దగా గెలిచింది లేదు. టీ కొట్టు దగ్గర తిట్లు మళ్లీ మొదలయ్యాయి. కాకపోతే నాయన ఉన్నప్పుడు ఎవరూ అన్న ఊసెత్తేవారు కారు. నాయన ఆ తర్వాత నాకు తొక్కుడు బిళ్లలు తేలేదు. నేనూ అడగలేదు.

పెద్దదాన్నయ్యాక ఒకసారి, అవ్వ బియ్యంలో రాళ్లు ఏరుతుంటే అడిగాను. "ఆ పొద్దు నాయన విసిరుంటేనో అవ్వా?"

చేట మీద ఆమె చేయి ఆగింది. "విసరడనే అనుకున్నా."

"విసిరుంటే?"

"అందుకే గదే, ఊరోళ్ల బిడ్డల్ని అంచున పెట్టి నిన్ను నడుమ కూచోబెట్టినా. నీ ఎనక నేను కూచుంటి. తగిలితే ముందు మనకే తగలాలని." అంతే అంది. మళ్లీ రాళ్లు ఏరుకుంది.

ఆమె చేసింది సరైన పనేనా అని నేను ఈ వయసులో కూడా తేల్చుకోలేకపోయాను. పిల్లల్ని అట్లా పణంగా పెట్టే ధైర్యం నాకైతే రాదు. కానీ ఆ రోజు నా మెడ మీద తగిలిన ఆమె ఊపిరి నాకింకా గుర్తుంది. ఎవరి మీదైనా కోపంతో నా నోరు లేవబోతే ఆ ఊపిరి వెచ్చగా తగులుతుంది. అప్పుడు ఆ మనిషి వెనక ఎవరు కూర్చున్నారా అని చూస్తాను. ఎవరో ఒక పిల్ల ఒళ్లో బొరుగులు పోసుకుని, నాకేనా అని చేయి చాచి కనిపిస్తుంది. నోరు దానంతటదే మూతపడుతుంది.

ఇంక లేవండి, అన్నాలు తిందురు. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ ఇంటి పిల్లలు గెలిచినా ఓడినా క్షేమంగా వాకిలి చేరాలి. ఓడి నిలబడిన చోట, కాళ్ల దగ్గర కూర్చుని పట్టీలు విప్పే మనిషి ఒకరు వాళ్లకు ఎప్పుడూ ఉండాలి.