రాఘవమ్మ గదిలో కండెన్సర్

ఆత్మకూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో లైన్‌మన్ సైమన్ చెవిని ఊళ్లో అందరూ మెచ్చుకునేవాళ్లు. రిసీవర్ చెవికి ఆనించి, తీగ ఎక్కడ తెగిందో, ఏ జాయింటు తుప్పు పట్టిందో చెప్పేసేవాడు. ఇరవై రెండేళ్ల సర్వీసులో అతని మాట తప్పిందన్నవాళ్లు లేరు. ఆ సంగతి అతనికీ తెలుసు, ఆ గర్వమూ ఉంది.

1999లో చంద్రశేఖర్ అనే లెక్చరర్ తన ఇంటి ముందుగదిలో కంప్యూటర్ సెంటర్ పెట్టాడు. ఫోను తీగకు మోడెం తగిలించి ఇంటర్నెట్ చూపిస్తానంటే కాలేజీ పిల్లలు మూగేవాళ్లు. కానీ అది నిలిచి చచ్చేది కాదు. మోడెం కీచుమని అరిచి కలిసేది, రెండు నిమిషాలకే తెగేది.

కంప్లయింటు మీద సైమన్ వచ్చాడు. స్తంభం దగ్గర చూశాడు, బాగుంది. ముందుగదిలో ఫోనెత్తి విన్నాడు, మాట శుభ్రంగా వస్తోంది. అదే లైను మీద లోపలి గదిలో ఇంకో ఫోను ఉంది. అది చంద్రశేఖర్ తల్లి రాఘవమ్మది. ఉదయగిరిలో ఉన్న కూతురితో రోజూ పొద్దున్నే ఆమె మాట్లాడుకునేది అందులోనే.

"లోపల ఎవరో ఫోను ఎత్తతా ఉండారు సార్. అది ఎత్తితే ఇది తెగిపోతాది" అన్నాడు సైమన్.

రాఘవమ్మ గడప దగ్గరికి వచ్చింది. "పొద్దున పూట తప్పితే నేను దాని జోలికే పోనయ్యా."

"వయసు మీద పడింది గదమ్మా, మర్చిపోయుంటారు" అని నవ్వాడు సైమన్. కంప్యూటర్ల ముందు కూర్చున్న పిల్లలూ నవ్వారు.

లోపలికి పోయే తీగను గోడ దగ్గరే కత్తిరించాడు. మోడెం కలిసింది. అరగంటైనా తెగలేదు.

"ఇప్పుడేమంటావమ్మా?" అన్నాడు చంద్రశేఖర్. రాఘవమ్మ లోపలికి పోయి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.

నెల తిరిగింది. ఇంటికి సున్నం వేయిస్తున్నామనీ, లోపలి గదిలో గోడకు ఊరికే ఉన్న, ఫోను తీగలు కలిపే పెట్టె విప్పుకుపొమ్మనీ కబురొస్తే సైమన్ వెళ్లాడు. స్క్రూ తీసి మూత ఎత్తగానే అతని చెయ్యి ఆగిపోయింది. లోపల రెండు స్క్రూల మధ్య చింతగింజంత కండెన్సర్ ఉంది. దాని కాళ్లకు పసుపు టేపు చుట్టి ఉంది. అట్లా చుట్టే అలవాటు ఆత్మకూరులో ఒక్క సైమన్‌దే.

అప్పుడు గుర్తుకొచ్చింది. ఆరేళ్ల కిందట పక్కింట్లో పిండిమర పెట్టారు. మోటారు ఆడినంతసేపూ ఫోన్లో గరగర. "నా బిడ్డ మాట వినపడ్డం లేదు సైమనూ" అని ఈమే మొరపెట్టుకుంటే, పాత రేడియోలోని కండెన్సర్ తెచ్చి పెట్టెలో బిగించాడు. గరగర తగ్గింది. ఆమె సంతోషపడి ఇంట్లోవాళ్లకిచ్చే గ్లాసులోనే మజ్జిగిచ్చింది. తర్వాత ఆ సంగతే మర్చిపోయాడు.

గరగరను మింగిన కండెన్సర్ మోడెం సన్నటి కీచునూ మింగేసింది. మనిషి మాటను పెద్దగా చెడగొట్టలేదు గనక అతని చెవికి అందలేదు. తీగ కత్తిరిస్తే దాంతోపాటే అదీ లైనులోంచి పోయింది. అంతేగాని ముసలామె ఫోనెత్తిందీ లేదు, అబద్ధమాడిందీ లేదు.

"ఏంది అట్లా నిలబడిపోయినావు?" అంది రాఘవమ్మ మంచం మీదనుంచి.

"ఏం లేదమ్మా."

ఆ మాట అంటూనే కండెన్సర్‌ని జేబులో వేసుకున్నాడు. ఇంతలో వంటింట్లోంచి కోడలి గొంతు వినిపించింది. "మజ్జిగ కుండ మీద మూతెవరు తీసినారు? అత్తయ్యనడిగితే నేను గాదంటాది, ఆ పొద్దు ఫోను సంగతిలో చెప్పినట్టే."

రాఘవమ్మ విననట్టే కూర్చుంది. సైమన్ ఆమె ముఖం చూడలేక పెట్టె చంకన పెట్టుకుని బయటపడ్డాడు.

ఆ ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల. రొట్టె పళ్లెం తన వరసకు వస్తే, తప్పు దాచుకుని ఆ రొట్టె తినకూడదని సైమన్ పక్కాయనకు అందించాడు. ఇంటికొచ్చాక భార్య లిదియమ్మ నిలదీసింది. అంతా చెప్పాడు.

"నాకు చెప్తే ఏమొస్తాది? ఎవురి నోరు మూయించినావో ఆయమ్మకు చెప్పు. ఎంతమంది ముందర నవ్వినావో అంతమంది ముందర చెప్పు" అంది లిదియమ్మ.

సోమవారం సాయంత్రం క్లాసు జరుగుతుండగా వెళ్లాడు. కండెన్సర్ టేబుల్ మీద పెట్టి, "సార్, తప్పు అమ్మది గాదు, నాది. దీన్ని ఆ పెట్టెలో పెట్టింది నేనే" అన్నాడు. చెవులు కాలిపోతున్నాయి.

చంద్రశేఖర్ పిల్లలవైపు చూసి, "సర్లే సైమన్, అయిపోయిందేదో అయిపోయింది, లోపలికి రా" అన్నాడు.

"లేదు సార్. ఆ రోజు ఈడే అన్నాను. ఈడే చెప్పాల." ముక్క మిగల్చకుండా చెప్పాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

రాఘవమ్మ ఎప్పుడొచ్చిందో, గడపలో నిలబడి ఉంది. "మొన్న విప్పినప్పుడే తెలిసిందా నీకు?" అంది.

"తెలిసిందమ్మా."

"తెలిసీ ఏం లేదన్నావు." గడప దాటి ముందుగదిలోకి వచ్చింది. "నువ్వు పరాయోడివి, తెలీక అన్నావు అనుకుంటాను. నా కడుపున పుట్టినోడికి యాభై ఏళ్లొచ్చినాయి. ఒక్కసారన్నా, అమ్మ అబద్ధమాడదు అన్నాడా?"

చంద్రశేఖర్ లేచి, క్లాసు అయిపోయిందని పిల్లలను పంపేశాడు.

మర్నాడు సైమన్ ఆమె గదికి వేరే తీగ లాగి, కండెన్సర్ లేని పెట్టె బిగించాడు. మోడెం నడిచేటప్పుడు అటువైపు లైను ఆపడానికి ముందుగదిలో చిన్న స్విచ్చి పెట్టాడు. చంద్రశేఖర్ దాని వాడకం తల్లికి చెప్పబోయి, మాట మింగి, "నువ్వు మాట్లాడుకోవాలంటే ఒక్క కేకేయమ్మా, నేనే మోడెం ఆపేస్తాను" అన్నాడు. ఆమె తలాడించింది.

అంతటితో సైమన్‌కు మనసు తేలికపడలేదు. ఆత్మకూరులోనూ, పని మీద పోయిన చుట్టుపక్కల ఊళ్లలోనూ అటువంటి కండెన్సర్లు ఇంకా తొమ్మిది ఇళ్లలో పెట్టాడు. లీవు పెట్టి ఒక్కో ఇంటికీ తిరిగాడు. ఉదయగిరిలో ఆఖరి ఇంటి యజమాని, "చెప్పకపోతే ఎవురికి తెలుస్తాదయ్యా?" అని ఆశ్చర్యపోయాడు. సైమన్ స్క్రూడ్రైవర్ తీసుకుని గోడ దగ్గర కూర్చున్నాడు.