ధర్మకాంటకు ఏ విండోస్ మంచిది?

2025 అక్టోబరు. పటాన్‌చెరులో నా కంప్యూటర్ రిపేరు దుకాణం ముందు రేషన్ షాపు లాగా జనం. విండోస్ పదికి ఇక అప్‌డేట్లు రావని స్క్రీన్ల మీద కబురు పడుతోంది. విండోస్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్, కంప్యూటర్ ఇంటికి పెద్దమనిషి. ఎవరిని లోపలికి రానివ్వాలి, ఎవరితో ఏ పని చేయించాలి, అన్నీ ఆయనే చూసుకుంటాడు. ఆయన రిటైరవుతున్నాడంటే జనానికి సగం ప్రాణం పోయింది. తొమ్మిదో తరగతిలోనే బడికీ నాకూ పొసగక విడిపోయాం కాబట్టి, నేను చదివి తెలుసుకున్నది తక్కువ, విప్పి తెలుసుకున్నదే ఎక్కువ. అయినా అందరూ నన్నే అడుగుతున్నారు, మారాలా వద్దా అని.

ఆ రద్దీలో మల్లేశన్న ఫోన్.

"తమ్మీ, జల్దీ రా. కాంట ఆగింది. విండోస్ సచ్చిపోయిందట."

పోతిరెడ్డిపల్లి దాటాక రోడ్డు పక్కన ఆయనది ధర్మకాంట, అంటే లారీని సరుకుతో సహా తూచే వేబ్రిడ్జి. లారీ ఎక్కగానే ఇండికేటర్ అనే డబ్బాలో బరువు కనబడుతుంది. అక్కడి నుంచి ఒక కేబుల్ దాన్ని కంప్యూటర్‌కు మోస్తుంది. కంప్యూటర్ స్లిప్పు కొడుతుంది. నేను వెళ్లేసరికి డబ్బాలో బరువు దర్జాగా కనబడుతోంది, కంప్యూటర్లో మాత్రం సున్నా. ఎప్పుడైనా ఒకసారి అంకె మెరిసి, సిగ్గుపడి దాక్కుంటోంది.

"ఎప్పటి సంది గిట్ల?"

"దసరా తెల్లారి సంది. అప్పుడే ఆ మెసేజీ గూడ వచ్చె. చేత్తోని రాసిస్తే ఇనుము మిల్లోళ్లు గేటు కాడనే ఆపుతున్నరు. సోమవారం దాంక జూస్తరట. ఆ లారీలు అవతలి కాంటకు పోతే నేను మళ్ల కొండాపూర్ల మక్కలు ఏసుకోవాలె తమ్మీ."

ఆయన నవ్వుతూనే అన్నాడు గానీ, కళ్లు నవ్వలేదు. సొంతూళ్లో మక్కలు, అంటే మొక్కజొన్న పండే భూమిలో సగం అమ్మి పెట్టిన కాంట అది.

బయట లారీ హారన్. కాంట బతికుందా పోయిందా అని బీహార్ డ్రైవర్ కిటికీలోంచి తల పెట్టి అడిగాడు. "మాలిక్, కాంటా జిందా హై కి గయా?"

"ఐసీయూ మే హై భాయ్," అన్నాను.

మల్లేశన్న అల్లుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. ఫోన్లో స్పీకర్ పెట్టగానే మొదలుపెట్టాడు. "మామా, ఇదే మంచి మోకా. లైనక్స్‌కు మారుండ్రి." లైనక్స్ కూడా ఆపరేటింగ్ సిస్టమే, ఉచితం.

"కాంట సాఫ్ట్‌వేర్ దాంట్ల నడుస్తదా?" అని అడిగాను.

"చూడాలె అన్నా."

ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాడు దుకాణం మూసి దుబాయి వెళ్లాడు. పాత విండోస్ కోసం రాశాడు. కొత్తదానిలో నడుస్తుందా అని అడుగుదామంటే ఫోన్ కూడా మోగదు. పాతదాన్ని ఉంచితే ముప్పంటున్నారు. విండోస్ పదకొండుకు మారుదామంటే ఈ ముసలి మిషన్ దాన్ని మోయదు, కొత్తది కొనాలి. లైనక్స్‌కు మారితే "చూడాలె".

దుకాణం నుంచి విండోస్ పదకొండు ఉన్న మిషన్ తెచ్చి సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. కేబుల్ పెట్టాను. సున్నా. పాత సాఫ్ట్‌వేర్‌కు కొత్త పెద్దమనిషి నచ్చలేదనుకున్నాను. ఆదివారం అల్లుడు లైనక్స్ లాప్‌టాప్‌తో బండి మీద వచ్చాడు. బరువు చదివే చిన్న ప్రోగ్రామ్ తనే రాసుకొచ్చాడు. అదే కేబుల్ పెట్టాడు. అదీ సున్నానే.

మల్లేశన్న నెత్తి పట్టుకున్నాడు. "పాతది సచ్చె, కొత్తది పలుకకపాయె, పుకట్ది కండ్లు తెరవకపాయె. ఏం జేద్దాం చెప్పు. నువ్వు ఏదంటే గదే ఖాయం."

ఆ మాటతో నా పరేషాన్ రెట్టింపైంది. ఏమంటే ఏమవుతుందో! చాయ్ తాగుతూ ఆలోచించాను. మూడిళ్లలో మూడు పొయ్యిల మీద వండినా కూర చేదుగా వచ్చిందంటే తప్పు పొయ్యిలది కాదు, కాకరకాయది. ఇక్కడ మూడు మిషన్లకూ పెట్టింది ఒకటే కేబుల్.

లేచి వెళ్లి కేబుల్ పీకాను. చివరనుండే మూతిని, అదే ప్లగ్గును, వేలితో తడిమాను. వేలు ఎర్రబడింది. తెగిందనుకుని నోట్లో పెట్టుకోబోయాను. నొప్పి లేదు.

"అన్నా, ఇదేంది?"

"బొట్టు," అన్నాడు మల్లేశన్న, ఇంత తెలియదా అన్నట్టు.

"ప్లగ్గుకా?"

"ఆయుధపూజ కదనే! అన్నీ ఊడదీసి, తుడిసి, టెంకాయ నీళ్లు సల్లి, పసుపు కుంకుమ పెట్టిన. అన్నిట్ల అదే ముఖ్యం. అది లేకుంటే బరువే రాదాయె. అందుకని దానికి జెర ఎక్కువ పెట్టిన."

ప్లగ్గులో తొమ్మిది రంధ్రాలుంటాయి. తొమ్మిదింటిలోనూ పసుపు, కుంకుమ ఎండి గట్టిపడి ఉన్నాయి. అల్లుడు గోడవైపు తిరిగి భుజాలు కదిలేలా నవ్వాడు. సూదితో గీకి, స్పిరిట్‌తో కడిగి, ఆరబెట్టి, పాత మిషన్‌కే పెట్టాను. లారీ ఎక్కింది. బరువు పడింది. స్లిప్పు కర్రుమంటూ బయటికొచ్చింది. విండోస్ పదకొండులోనూ పడింది. లైనక్స్‌లోనూ పడింది.

"మూడూ నడుస్తున్నయ్ గద, ఇగ ఏది ఉంచాలె?" అన్నాడు మల్లేశన్న. సున్నాలున్నప్పుడే నయం!

చివరికి నేనన్నది ఇది: పాతదే ఉంచు, దానికి ఇంటర్నెట్ తీసెయ్. అప్‌డేట్లు లేకపోతే వచ్చే ముప్పు ఎక్కువగా ఆ దారినే వస్తుంది, ఈ మిషన్‌కు స్లిప్పు కొట్టడం తప్ప వేరే లోకం అక్కర్లేదు. మారడమంటావా, లారీలు తక్కువున్న రోజుల్లో పక్కన పెట్టి నడిపి చూసి మారుదాం, కొంపలంటుకున్నప్పుడు కాదు. అల్లుడి మొహం కాస్త చిన్నబోయింది. సోమవారం మిల్లు లారీలు ఇటే వచ్చాయి.

ఊరంతా ఒకే రోగం గురించి మాట్లాడుకునే రోజుల్లో, మన మిషన్‌కూ అదే వచ్చిందనుకోవడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది. విండోస్ మంచిదా, లైనక్స్ మంచిదా అంటే నాకిప్పటికీ తేలలేదు. కానీ మార్చమని ఎవరు మిషన్ తెచ్చినా ముందు ఒకటే అడుగుతాను:

"దసరాకు పూజ ఎట్ల జేసిన్రు?"