మోకాలి మీద కుంకుమబొట్టు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నొప్పి అన్న మాట ఎవరూ పైకి అనేవారు కాదు. నాట్ల రోజుల్లో నడుం పట్టేసి నాన్న వంకరగా నడుస్తున్నా, ఏమైందని అడిగితే "ఏం లేదులే" అనేవాడు. అమ్మ అయితే ఆ మాత్రం కూడా అనేది కాదు. నేనూ ఆ ఇంటి పిల్లనే కదా! ఎడమకాలు నొప్పెడుతున్న సంగతి మూడు వారాలు కడుపులో పెట్టుకుని తిరిగాను. ఆ మూడు వారాలు తలుచుకుంటే అరవై నాలుగేళ్ళ ఈ వయసులో కూడా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

మాది కూచిపూడికి దగ్గర్లో కాలవ పక్కన పల్లె. నాకప్పుడు పదమూడేళ్ళు. బడి రెండు మైళ్ళ అవతల ఉండేది. పొద్దున్నే పుస్తకాల సంచీ వీపుకి బిగించి కట్టుకుని, ఉత్తకాళ్ళతో కాలవగట్టు మీద పరిగెత్తుకుంటూ పోయేదాన్ని. సాయంత్రం నాన్న సైకిలు మీద తీసుకొచ్చేవాడు. గట్టు మధ్యలో బండిచక్రాలు పడి అంతా బురద. అందుకని కాలవ వైపు అంచు పట్టుకుని పరిగెత్తేదాన్ని. ఆ అంచు నీళ్ళ వైపుకి వాలి ఉండేది. కుడికాలు పల్లంలో, ఎడమకాలు మెరకలో. రెండేళ్ళు అలాగే పరిగెత్తాను, ఎప్పుడూ ఒకే వైపుకి. అందులో తప్పేముందని నాకు గానీ, బందరులో జిల్లా పరుగు పోటీలకి నన్ను ఎంపిక చేసిన డ్రిల్లు మేస్టారికి గానీ తట్టలేదు.

నొప్పి మోకాలికీ చీలమండకీ మధ్య, ముందువైపు ఎముక మీద, బొటనవేలంత చోట మొదలైంది. మొదట్లో బడికి చేరాక కాసేపు సలిపి ఊరుకునేది. తరవాత గట్టు మీద సగం దూరంలోనే పట్టుకునేది. ఉప్పునీళ్ళ కాపడం పెట్టాను, గుడ్డ చుట్టాను, ఎవరైనా అడిగితే తుమ్మముల్లు గుచ్చుకుందన్నాను. పోటీ ఇంకా పది రోజులుందనగా, కాలు చాపుకుని ఊరికే కూర్చున్నా లోపల ఎవరో సుత్తితో మెల్లగా కొడుతున్నట్టు ఉండేది. ఆ వారమంతా వాయుగుండం మబ్బు కమ్ముకుని ఉంది. ఊళ్ళో వాళ్ళు ఆకాశం చూసి దిగులుపడుతుంటే నేను నా కాలు చూసుకుని దిగులుపడేదాన్ని.

మా పక్కింటి అక్కకి అప్పటికి పాతికేళ్ళుంటాయి. ఒకప్పుడు ఆమె నాట్యం చేస్తే చూడ్డానికి పామర్రు నుంచి కూడా జనం వచ్చేవారట. నేను ఎరిగేనాటికి మాత్రం అరుగు మీద పీట వేసుకుని, కుడికాలు చాపుకుని, చేతికర్రతో తాళం కొడుతూ పిల్లలకి అడుగులు నేర్పేది. నడిస్తే ఒక పక్కకి ఒరిగిపోయేది. కళ్ళు మూసుకుని విన్నా ఏ పిల్ల ఏ కాలు తేలిగ్గా వేసిందో చెప్పేసేది. నేను రోజూ ఆ అరుగు ముందునుంచే గట్టెక్కేదాన్ని. ఒక ఆదివారం నన్ను చెయ్యిపట్టి ఆపేసింది.

"ఏమే, రెండు వారాల నుంచి వింటున్నాను. నీ ఎడమకాలు నేలని తప్పించుకుంటోంది. ఏమైంది?" అంది.

ఏం లేదన్నాను. మా ఇంటి జవాబే అది! అక్క నమ్మలేదు. లోపలికి తీసుకెళ్ళి, కుంకుమభరిణె తెచ్చి, నా రెండు మోకాళ్ళ మీదా ఒక్కో బొట్టు పెట్టింది. ఒంటికాలి మీద నిలబడి మోకాలు మెల్లగా వంచమంది. బొట్టు సరిగ్గా పాదం రెండో వేలికి ఎదురుగా దిగాలట. కుడికాలి మీద అటూ ఇటూ ఊగినా ఎలాగో దిగాను. ఎడమకాలు వంచగానే బొట్టు బొటనవేలు దాటి లోపలికి పడిపోయింది. మళ్ళీ చేశాను, మళ్ళీ పడిపోయింది. మూడోసారి నేనే పడిపోయాను. తరవాత ఇత్తడి పళ్ళెం తెచ్చి, దాని అంచు మీద ఎడమకాలితో నిలబడమంది. తను ఐదంకెలు లెక్కపెట్టేలోపే పళ్ళెం ఖంగుమని నేలకి కొట్టుకుంది. నాకు నవ్వొచ్చింది. అక్క నవ్వలేదు.

నా కాలి ఎముక మీద వేలు పెట్టి ఒకే చోట నొక్కింది. కెవ్వుమన్నాను.

అప్పుడు చెప్పింది తన సంగతి. "మొదట ఆట అయిపోయాక నొప్పొచ్చేది. ఆ తరవాత ఆడుతుంటేనే వచ్చేది. ఆ తరవాత పడుకున్నా వచ్చేది. మా గురువుగారు వద్దన్నా వినకుండా కట్టుకట్టుకుని స్టేజీ ఎక్కాను. తాళం మధ్యలో మోకాలు టక్కుమంది. ఆ చప్పుడు నాకొక్కదానికే వినపడింది. ఇప్పుడు నువ్వు ఎక్కడున్నావో చెప్పు."

నేను మూడోదాంట్లో ఉన్నాను. మొదటిదాంట్లో ఉన్నానని చెప్పాను.

ఈ పోటీ వదిలెయ్యమంది. పిర్రల్లో, తొడల్లో బలం లేక మోకాలు లోపలికి పడుతోందని, వాలుగట్టు పాదాన్ని ఇంకా లోపలికి తోస్తోందని, ఆ దెబ్బంతా ఎముక మీద పడుతోందని విడమరిచి చెప్పింది. ఎముకకి ముందు విశ్రాంతి కావాలని, తరవాత బలం తనే నేర్పుతానని అంది. నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. ఊరంతా నన్ను బందరు పంపిస్తుంటే ఈవిడెవరు ఆపడానికి? నోటికొచ్చింది అనేశాను.

"నీ కాలు పోయింది కదా! నేను పరిగెత్తుతుంటే నీకు కుళ్ళు!"

అక్క మొహం పాలిపోయింది. కొడుతుందేమో అనుకున్నాను. కర్ర కేసి చూస్తూ చాలా నెమ్మదిగా అంది: "అవునే, కుళ్ళే. పొద్దున్నే నీ పరుగు చప్పుడు వింటే నాకు మంటగానే ఉంటుంది. అయినా ఆ మోకాలు లోపలికి పడుతున్న మాట నిజమా కాదా?"

అక్కణ్ణుంచి పారిపోయి వచ్చాను. పారిపోయాను అన్నమాటే గానీ, కుంటుకుంటూ పోయాను.

బందరు వెళ్ళాను. మైదానం మీద సముద్రపు గాలి ఒకటే రివ్వున కొడుతోంది, ఆకాశం సీసంలా దిగివచ్చింది. మేస్టారు వీపుకి నంబరు కట్టారు. నాన్న తాడు అవతల నిలబడి పక్కవాళ్ళకి నన్ను చూపిస్తున్నాడు. ఒళ్ళు వేడెక్కాలని ఎడమకాలి మీద ఒక్క గెంతు గెంతాను. నొప్పి ఎముకలోంచి పళ్ళదాకా పాకింది. గీత దగ్గరికి వెళ్ళాలి. అడుగు పడలేదు. నిజమా కాదా అని అక్క అడిగింది మళ్ళీ వినపడింది. నిజమే. మూడు వారాలుగా నిజమే. అందరిముందూ ఏడుస్తూ మేస్టారితో చెప్పేశాను, నా కాలు పాడైంది, నేను పరిగెత్తనండీ అని.

ఆయన తిట్టిన తిట్లు ఇప్పుడు రాయను. నాన్న నన్ను బస్సులో ఊరు తీసుకొచ్చాడు. మర్నాడు ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తే ఎముకలో వెంట్రుకంత పగులు కనిపించింది. ఆ పోటీలో పరిగెత్తి ఉంటే అక్కడికక్కడే రెండు ముక్కలయ్యేదని డాక్టరుగారు చెప్పారు.

రెండు నెలలు కాలు కదపలేదు. డాక్టరుగారు నడవచ్చన్నాక తలొంచుకుని అక్క అరుగెక్కాను. అక్క ఆ పాత మాట ఎత్తలేదు, నాకు ఎత్తే ధైర్యం లేదు. పీట లాక్కుని పని మొదలుపెట్టింది. గోడకి వీపు ఆనించి సగం కూర్చోవడం, మెట్టు అంచున నిలబడి మడమ దించి లేపడం, పక్కకి పడుకుని కాలెత్తడం, కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద నిలబడటం. అడుగు చిన్నది వెయ్యమనేది, పాదం ఒంటికి ముందు కాకుండా ఒంటి కిందే పడాలనేది. వాలుగట్టు మాన్పించి చదునుబాట పట్టించింది. ప్రతివారం బొట్టు పెట్టి చూసేది. అది రెండో వేలి మీదికి రావడానికి అయిదు నెలలు పట్టింది. ఎంత విసుగనుకున్నారు! అడుగడుగునా ఎముక మళ్ళీ పగులుతుందేమోనని భయం కూడాను.

మరుసటి ఏడాది బందరులో పరిగెత్తి మూడోదాన్నయ్యాను. అక్క చూడ్డానికి వచ్చింది. పరుగు అయ్యాక వెతికితే జనానికి దూరంగా ఒక రాతిబల్ల మీద, రెండు చేతులతో తన కుడిమోకాలు గట్టిగా పట్టుకుని కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "బాగా పరిగెత్తావే. చివరిదాకా చూడలేకపోయాను," అంది. అప్పుడు ఆమె కాళ్ళ దగ్గర కూలబడి, ఆ రోజు అన్న మాటకి క్షమించమని అడిగాను. "ఉన్న మాటేగా అన్నావు. ఆ కుళ్ళు ఇప్పటికీ ఉంది," అని నా తల నిమిరింది.

హెచ్చరించేవాళ్ళ మనసులో ఏముందోనని ఆ తరవాత నేనెప్పుడూ వెతకలేదు. చెప్పింది నిజమా కాదా అనే చూసుకున్నాను. నా రెండు కాళ్ళూ అమ్మానాన్నలు ఇచ్చినవే. కానీ ఎడమది ఇవాళ్టికీ నన్ను మోస్తోందంటే, మా పక్కింటి అక్క తన మంటని దిగమింగుకుని కాపాడి ఇచ్చినందుకే.