శ్రీరామ రాయబోతే

మా అత్తగారికి పెళ్ళిపాటలు కొట్టిన పిండి. నెలాఖరులో మా ఆడపడుచు కూతురి పెళ్ళి. అప్పగింతల పాట తానే పాడాలని ఆవిడ పంతం. చిక్కల్లా, ఆ పాటలో చివరి చరణం ఎంత గింజుకున్నా గుర్తుకు రావడం లేదు. పాటలన్నీ వరసగా చెప్పుకొస్తే అదీ తగలకపోతుందా అని ఆశ. ఆవిడ చెబుతుంటే నేను కంప్యూటర్లో ఒక ఫైల్లోకి ఎక్కించాను. ఆ చరణం మాత్రం తగల్లేదు.

నేను రాజమండ్రిలో లెక్కల టీచర్ని. ఈ ఏడాది పిల్లలకి పైథాన్ అనే కంప్యూటర్ భాష చెప్పాలి కాబట్టి నేనూ నేర్చుకుంటున్నాను. రెండే రెండు లైన్లు రాశానో లేదో, ఫైల్లోని పాటలన్నీ తెర మీద బారులు తీరాయి. నా ఆనందం పట్టలేకపోయాను!

"అత్తయ్యగారూ, ఇలా రండి, మీ పాటలే!"

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూశారు. "పైన శ్రీరామ ఏదమ్మాయ్? అది లేకుండా రాస్తే కలిసొస్తుందేంటి?"

ఓస్, అదెంత పని! అదీ పైథాన్ చేతే రాయిద్దామని సరదా పుట్టింది. ఫైల్‌ని రాయడానికి తెరిచి, శ్రీరామ అని రాసి, మూసి, మళ్ళీ చదివించాను. తెర మీద శ్రీరామ ఒక్కటే ఉంది. గబగబా పైథాన్ పుస్తకం తిరగేశాను. రాయడానికని 'w' పెట్టి తెరిస్తే, లోపల ఉన్నదంతా ముందు తుడిచేస్తుందట!

"పాటలన్నీ పోయాయండీ."

"పోయాయా? నీ పైథాన్ పాడుగాను! గొంతు పోయేలా చెప్పాను కదే!" ఆవిడ కొంగు దోపుకున్నారు. "ఇంక ముక్కలు ముక్కలుగా చెప్పడం నా వల్ల కాదు. పాడేస్తాను, రాసుకుంటే రాసుకో."

అప్పగింతల పాటే ముందు ఎత్తుకున్నారు. ఇదివరకు నేను టైపు చేసేదాకా మాట మాటకీ ఆగేవారు. ఇప్పుడు రాగం ఆవిడని లాక్కుపోతోంది, వెనకాల నా వేళ్ళు పరుగు. రోజూ ఆగిపోయే చోటు వచ్చింది. ఆగలేదు! చివరి చరణం దానంతటదే వచ్చేసింది. పడవెక్కిన కూతురితో తల్లి అంటోంది: పడవ కనపడినంతసేపూ గట్టు మీదే ఉంటాను, నువ్వు మాత్రం వెనక్కి చూడకమ్మా.

మా అమ్మ గుర్తొచ్చింది. కీబోర్డు మసకబారింది, నా చేతులు ఆగిపోయాయి. ఆవిడ చెంపలూ తడిసే ఉన్నాయి. అయినా నా వీపు మీద ఒక్కటి చరిచారు.

"ఏడుపు తర్వాత అమ్మాయ్, ముందు సేవ్ చెయ్యి!"