సగం గ్లాసుకు పెట్టిన పేరు

మా బొగ్గుబాయి గేటు ఎదుటి హోటల్లో సగం గ్లాసు చాయ్‌ని "రాజయ్య" అంటారు. ఎందుకంటారో, ఆఫీసు గుమాస్తానైన నేను ఏడాదిగా అడగనే లేదు. ఈ సాయంత్రం కూడా ట్రాన్సిస్టర్ మోతలో వినపడాలని "ఒక రాజయ్య" అని గట్టిగా అరిచాను.

ఎదుటి బల్ల దగ్గర ఒక ముసలాయన తలెత్తాడు. రెండు చేతులతో పట్టుకున్నా ఆయన సగం గ్లాసు వణుకుతూనే ఉంది.

హోటలాయన నా దగ్గరికి వంగి మెల్లగా చెప్పాడు. "ఆయనే రాజయ్య కాక. బాయిల పైకప్పు కూలి మీద పడ్డప్పటి సంది చేతులు గట్లనే వణుకుతయ్ సారూ. నిండ పోస్తె ఒలుకుతదని సగమే పోస్త."

నేను తల దించుకున్నాను. కాక లేచి పోతూ, "సారు ఎదురుచూస్తుండు, జల్ది ఒక రాజయ్య పొయ్యి" అన్నాడు.

పోసింది సగమే అయినా తాగడం నావల్ల కాలేదు. మీరైతే తాగేవారా?